కోరింగ, కాకినాడ తీరంలో పక్షులు: టికెట్ కంటే ముందు పంచాంగం చూడండి

కోరింగ మడ అడవికి వెళ్ళొచ్చినవాళ్ళు రెండు రకాలుగా చెబుతారు. కొందరు ‘అబ్బో, ఎన్ని పక్షులో’ అంటారు. కొందరు ‘చెక్క వంతెన మీద నడిచాం, నాలుగు కొంగలు కనిపించాయి, వచ్చేశాం’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తేడా అంతా వాళ్ళు వెళ్ళిన వేళలో ఉంది. ఇక్కడ పక్షులు గడియారం చూసుకుని తిరగవు, పోటూ పాటూ (సముద్రపు నీరు ఎక్కడం, తీయడం) చూసుకుని తిరుగుతాయి. ఆ లెక్క తెలిసి వెళ్తే తెలుగు నేలమీద పక్షులు చూడటానికి ఇంతకు మించిన చోటు దొరకడం కష్టం. తెలియకపోతే మిగిలేది షికారే.

గౌతమీ గోదావరి పాయలు కాకినాడ అఖాతంలో కలిసే చోట ఉన్న అడవి ఇది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద కొంత దూరం పోతే అటవీశాఖ గేటు, చెక్క బాట, బోట్ల రేవు వస్తాయి. అక్కడికొక్కచోటికే వెళ్ళి వెనక్కి తిరిగితే సగం కూడా చూసినట్టు కాదు. ఒకే నది చివర అయిదు రకాల తావులున్నాయి: మడ చెట్ల లోపలి భాగం, పాయలు, పాటు తీసినప్పుడు బయటపడే బురద మేటలు, అఖాతానికి అడ్డుగోడలా సాగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, రోడ్డు పొడవునా రొయ్యల చెరువులు, ఉప్పు మళ్ళు. ఒక్కో తావులో ఒక్కో జాతి. పైగా పోటు మారినప్పుడల్లా అవే పక్షులు ఒక తావు నుంచి ఇంకో తావుకి మారుతుంటాయి.

ముందు ఆ లెక్క చూద్దాం. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. పోటు వేళ రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ తీరంలో నిండు పోటు ఉదయం ఎనిమిదిన్నర – తొమ్మిదిన్నర మధ్య, మళ్ళీ రాత్రి అదే వేళకి వస్తుంది. అష్టమి నాటికి అది మధ్యాహ్నం మూడు ప్రాంతాలకి జరుగుతుంది, దశమి–ఏకాదశికి అయిదు ప్రాంతాలకి. అమావాస్య, పౌర్ణముల తర్వాత ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా పైకొస్తుంది, పాటు బాగా లోపలికి పోతుంది. అష్టమి–నవమి రోజుల్లో రెండూ మందకొడిగా ఉంటాయి. ఇది అరగంట అటూ ఇటూ ఉండే మోటు లెక్క. కచ్చితమైన వేళకి సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పోటు పట్టికలో గానీ, ఫోన్‌లో పోటు వేళలు చూపే ఏ యాప్‌లో గానీ కాకినాడ పేరు చూసుకోండి. రేవులో వల బాగుచేసుకుంటున్న ఏ పెద్దాయనని అడిగినా ఠక్కున చెబుతారు.

కాకినాడ ఊళ్ళోనే, కుంభాభిషేకం గుడి దగ్గరున్న బురద మేట ఈ మొత్తంలో మేటి తావు. దీనికి టికెట్టూ లేదు, గేటూ లేదు, నీడా లేదు. నిండు పాటులో వెళ్తే బురద చాలా దూరం బయటపడి ఉంటుంది, పక్షులు నీటి అంచు దగ్గర నల్ల చుక్కల్లా కనిపిస్తాయి. ‘ఏమీ లేవు’ అనుకుని వెనుదిరిగేది ఇక్కడే. నిండు పోటుకి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. నీరు ఎక్కేకొద్దీ మేట సన్నబడుతుంది, మేస్తున్న ఉల్లంకి పిట్టలన్నీ (నీటి అంచున బురదలో మేసే పక్షులు) ఒడ్డువైపు జరుగుతూ వస్తాయి. చివరి గంటలో యాభై అరవై మీటర్ల దూరంలోకి వస్తాయి. కదలకుండా కూర్చుంటే ఇంకా దగ్గరికి. నీరు పూర్తిగా నిండగానే గుంపులు గుంపులుగా లేచి చెరువుల వైపో, దిబ్బల వైపో పోతాయి. ఆ లేచే వేళకి చేరుకునేవాళ్ళకి రెక్కలు తప్ప ఏమీ కనబడవు.

ఇక్కడ చాలామందిని దెబ్బతీసేది వెలుతురు. అఖాతం తూర్పున ఉంది, పొద్దుటిపూట సూర్యుడు సరిగ్గా కళ్ళలోకి కొడతాడు. పక్షులు ఆకారాలుగా తెలుస్తాయి గానీ రంగు తెలియదు. ఉల్లంకి పిట్టల్లో కాళ్ళ రంగు, రొమ్ము మీది చుక్కలే ఆనవాళ్ళు కాబట్టి ఇది చిన్న ఇబ్బంది కాదు. అంచేత పని బట్టి తిథి ఎంచుకోవాలి. ఫొటోలు తీయాలన్నా, పిట్టల్ని ఆనవాలు పట్టడం నేర్చుకోవాలన్నా దశమి, ఏకాదశి మధ్యాహ్నాలు: మూడింటికి చేరితే వెలుతురు వీపు వెనక నుంచి పడుతుంది, నీరు ఎక్కుతూ ఉంటుంది. డిసెంబరులో అయిదున్నరకే పొద్దు వాలిపోతుంది కాబట్టి అప్పుడు దశమి మేలు. ఫిబ్రవరి, మార్చిల్లో ఏకాదశి సరిపోతుంది. ఒకే రోజులో మేటా, మడ అడవీ, బోటూ అన్నీ చూడాలంటే మాత్రం అమావాస్య గానీ పౌర్ణమి గానీ, లేదా మర్నాడు. పొద్దుటే ఆరున్నరకి మేట దగ్గర, ఎనిమిదిన్నర దాకా అక్కడే. తర్వాత బండెక్కితే గేటు తెరిచే వేళకి, పాయల్లో నీరు నిండుగా ఉండగా కోరింగ చేరుకోవచ్చు. ఎదురు వెలుతురు బాధ తగ్గాలంటే ఒడ్డు వెంట కాస్త నడిచి, సూర్యుడు పక్కకి వచ్చే చోటు చూసుకుని నిలబడండి.

మేట మీద ఏం చూడాలి? అక్టోబరు నుంచి మార్చి దాకా సైబీరియా, మధ్య ఆసియా నుంచి దిగిన వలస పిట్టలే ఎక్కువ. దూరం నుంచి అన్నీ ఒకే బూడిద రంగు. కొత్తవాళ్ళు రంగు వదిలేసి నడక, ముక్కు చూస్తే త్వరగా పట్టుబడతాయి. నాలుగడుగులు పరిగెత్తి ఠక్కున ఆగి, మళ్ళీ పరిగెత్తేవి ప్లోవర్లు. అవి కంటితో వెతికి తింటాయి కాబట్టి ఆ ఆగడం. తల ఎత్తకుండా కుట్టుమిషనులా ముక్కు దించుతూ పోయేవి శాండ్‌పైపర్లు, స్టింట్లు. వాటికి ముక్కు కొసకే స్పర్శ తెలుస్తుంది.

ఈ మేట మీద తప్పక ఆగి చూడాల్సింది టెరెక్ శాండ్‌పైపర్. మైనా అంత పిట్ట, పొట్టి నారింజ కాళ్ళు, ముక్కు మాత్రం పొడుగ్గా పైకి వంగి ఉంటుంది. ఇది నడవదు, ఒళ్ళు ముందుకి వాల్చి తాగినవాడిలా అటూ ఇటూ మలుపులు తిరుగుతూ పరిగెడుతుంది. చిన్న పీతని పట్టిందంటే ఒక్కోసారి అక్కడే మింగదు. ముక్కున కరుచుకుని నీటి అంచు దాకా పరిగెత్తి, బురద పోయేలా కడిగి మరీ మింగుతుంది. స్పాటింగ్ స్కోపులో (ట్రైపాడ్ మీద పెట్టే ఒంటికన్ను దుర్భిణిలో) ఒకసారి ఆ దృశ్యం పడితే ఇక ఎంత దూరంలో ఉన్నా ఈ పిట్టని ఇంకోటి అనుకోరు.

వంకర ముక్కు పెద్ద పిట్టలు రెండున్నాయి. కర్ల్యూ ముక్కు తలకి మూడింతల పొడుగు, మొదటి నుంచీ ఒకే విల్లులా వంగి ఉంటుంది, తల మీద చారలుండవు. వింబ్రెల్ చిన్నది. ముక్కు పొట్టి, కొస దగ్గర గబుక్కున వంగుతుంది, నెత్తి మీద ముదురు చారలు. ఎగిరేటప్పుడు ఒకే స్వరంలో ఏడెనిమిది ఈలలు వరసగా వేసిందంటే వింబ్రెలే. పొడుగు ముక్కు గాడ్‌విట్లలో నల్లతోక దానికి రెక్క మీద తెల్ల పట్టీ ఉంటుంది, చారల తోక దానికి ఉండదు. కూర్చున్నప్పుడు తేల్చుకోలేకపోతే లేచేదాకా ఆగండి. గ్రే ప్లోవర్‌దీ ఇదే కథ. రెక్క ఎత్తగానే చంకలో నల్ల మచ్చ కనిపిస్తుంది, గోల్డెన్ ప్లోవర్‌కి అది లేదు. గ్రేట్ నాట్ కోసం ఎర్ర కాళ్ళ రెడ్‌షాంక్‌ల పక్కన వెతకండి. ఇంచుమించు అంతే ఉంటుంది గానీ కాళ్ళు పొట్టి, ఒళ్ళు బరువు, తల కంటే కాస్త పొడుగైన ముక్కు, రొమ్ము మీద చుక్కలు. ప్రపంచమంతటా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి అది.

అలాంటిదే ఇండియన్ స్కిమ్మర్. చాలామంది దూరాల నుంచి కాకినాడ రైలెక్కేది దీనికోసమే. చంబల్ నది ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే జాతి, చలికాలంలో ఈ అఖాతంలోనూ గుంపులుగా కనిపిస్తుంది. మధ్యాహ్నం పూట టెర్న్‌లూ గల్స్ అనే సముద్రపు పక్షుల మధ్య కూర్చుని, అన్నీ గాలికి ఎదురు ముఖం పెట్టి నిద్రపోతుంటాయి. పైపైన చూస్తే టెర్న్ అనుకుని దాటేస్తారు. నల్ల టోపీ, మెడ చుట్టూ తెల్ల పట్టీ, పసుపు కొస ఉన్న ముదురు నారింజ ముక్కు, ఇవి చూడండి. కింది దవడ పై దవడ కంటే పొడుగు. రెండు దవడలూ పక్కలకి నొక్కినట్టు పల్చగా కత్తిలా ఉంటాయి, ఎదురుగా తిరిగినప్పుడు ముక్కు సన్నని గీతే. మేత వేళ ఉదయం, సాయంత్రం మసక వెలుతురులో: నోరు తెరిచి కింది దవడతో నీటి పైపొరని చీలుస్తూ ఎగురుతుంది, చేప తగలగానే తల వెనక్కి వంచి నోరు మూస్తుంది. కనుక గుంపు కనిపించిన రోజు చీకటి పడేదాకా కదలకండి.

పరికరాల గురించి కచ్చితంగా చెప్పాలి. మేట మీద 8x42 దుర్భిణి (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) చాలదు, 10x42 అయితే ఫరవాలేదు, ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోపు ఉంటేనే న్యాయం జరుగుతుంది. అయితే 20–60 జూమ్ ఉంది కదా అని 60కి తిప్పకండి. తొమ్మిది దాటాక తడి బురద మీద నుంచి వేడి గాలి లేచి బొమ్మ నీళ్ళలా అల్లాడుతుంది, 25–35 దగ్గరే స్పష్టంగా ఉంటుంది. మడ అడవి లోపల దీనికి సరిగ్గా వ్యతిరేకం: అయిదారు మీటర్లలో కొమ్మల మధ్య పిట్ట, నీడ ఎక్కువ. అక్కడ 8x42 రాజ్యం, స్కోపు దండగ. జనం నడిచినప్పుడల్లా చెక్కలు ఊగి ట్రైపాడ్ నిలవదు కూడా. ఇంటికెళ్ళాక మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో ట్రైపాడ్ కాళ్ళు, కెమెరా ఒళ్ళు తుడవండి. ఉప్పు గాలి మరల్ని తినేస్తుంది. లెన్సు మీది ఉప్పు పొరని పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు బ్రష్‌తో దులపాలి.

మేటలోకి దిగకండి. చూడటానికి గట్టిగా ఉంటుంది, నాలుగడుగులకే మోకాలి దాకా దిగబడుతుంది, లోపల ఆల్చిప్ప పెంకులు బ్లేడుల్లా కోస్తాయి. అంతకంటే ముఖ్యం, మీరు దిగిన వెంటనే గుంపు మొత్తం లేస్తుంది. ఏప్రిల్‌లో వేల కిలోమీటర్లు ఎగరడానికి కొవ్వు కూడబెట్టుకుంటున్న పిట్టలవి. మేత దొరికే గంటలు రోజుకి కొన్నే. ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టి లేపడం, డ్రోన్ ఎగరేయడం వాటి నోటి దగ్గర కూడు లాక్కోవడమే. తీరమంతా మత్స్యకారుల పేటలు. ఎండబెట్టిన చేపలు, వలలు తొక్కకుండా, మనుషుల్ని అడగకుండా ఫొటోలు తీయకుండా మసలుకోవాలి.

ఇక చెక్క బాట. మడ చెట్ల మధ్య నుంచి బురదకి పైన కట్టిన నడక దారి. పసిపిల్లలూ, పెద్దవాళ్ళూ కూడా హాయిగా నడవగలరు. కట్టిన తీరు బాగుంది. తెల్లమడ ఊపిరి వేర్లు మేకుల పరుపులా బురదలోంచి పైకి పొడుచుకు రావడం, ఉప్పు పొన్న చెట్ల వేర్లు గుడారం కర్రల్లా వాలి ఉండటం అడుగు దూరం నుంచి చూడొచ్చు. లోటల్లా వేళలే. గేటు తెరిచేది దాదాపు తొమ్మిదికి, పిట్టలు బాగా పలికేది దానికి రెండు గంటల ముందు. వారానికి రెండు రోజులైనా ఆరింటికి తెరిస్తే ఈ చోటు విలువ రెట్టింపవుతుంది. టికెట్ కౌంటర్ దగ్గర పలక మీద ఆ రోజు పోటు వేళ రాసి పెట్టినా ఎందరి రోజో దండగ కాకుండా ఉంటుంది.

బాట మీద పోటులో కంటే పాటు తీసేటప్పుడే ఎక్కువ కనిపిస్తాయి. నీరు దిగగానే ఒక గిట్ట పెద్దగా ఉండే పీతలు, బురద మీద గెంతే చేపలు బయటికొస్తాయి, వాటికోసం లకుముకి పిట్టలు కిందికొస్తాయి. ఇక్కడి రాజు నల్లతల లకుముకి. చలికాలపు అతిథి. నల్లని తల, మెడ చుట్టూ తెల్లని పట్టీ, ముదురు ఊదా-నీలం వీపు, నారింజ పొట్ట, పగడం లాంటి ముక్కు. ఊళ్ళో కనిపించే తెల్లరొమ్ము లకుముకి తల గోధుమ రంగే అయినా నీడలో నల్లగా అగుపిస్తుంది, అక్కడే పొరబడతారు. మెడ చుట్టూ తెల్ల పట్టీ పూర్తిగా తిరిగిందా లేదా చూస్తే చాలు. చింతవక్కులు (రాత్రిపూట మేసే కొంగలు) పగలంతా నీటిమీదికి వాలిన కొమ్మల్లో గుంపుగా కునుకుతాయి. కింద వేర్ల మధ్య, నీటికి జానెడు ఎత్తున, వంగి కదలకుండా ఉన్న బూడిద రంగు కొంగ స్ట్రయేటెడ్ హెరాన్. చెక్కల కిందికి కూడా చూస్తూ నడవండి.

ఒక జాగ్రత్త: తిల్ల చెట్టు కొమ్మ విరవకండి, ఆకు తుంచకండి. రాలేముందు ఆకులు ఎర్రబడే చెట్టది. దాని పాలు ఒంటికి తగిలితే మంట, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలు వెంట ఉంటే లోపలికి పోకముందే చెప్పాలి. దోమలకి పొడుగు చేతుల చొక్కా, లేత మట్టి రంగు బట్టలు. తెల్లచొక్కా మడ నీడలో దీపంలా వెలుగుతుంది.

బోటు విషయంలో ఆశలు కాస్త తగ్గించుకోవాలి. పెద్ద పాటులో పాయ అడుగు బయటపడితే బోటు కదలదు, అందుకే నిండు పోటు ముందూ వెనకా రెండు గంటలే నమ్మదగ్గ వేళ. షేర్ బోటులో ఇంజను మోతకి దగ్గర పిట్టలు ముందే లేచిపోతాయి. గరుడ పక్షులు మాత్రం బాగా కనిపిస్తాయి, ఎరుపు వీపు, తెల్ల తల ఎండలో మెరుస్తూ నెత్తి మీదే తిరుగుతాయి. నలుగురైదుగురు కలిస్తే బోటు మొత్తం మాట్లాడుకోండి. పాయ మలుపుల దగ్గర ఇంజను ఆపి వదిలేయమని సరంగుకి ఎక్కకముందే చెప్పాలి. మధ్యలో చెబితే ఇంజను మోతలో వినబడదు. అదృష్టం ఉంటే అలా ఆపినప్పుడే ఒడ్డు మీద నీటికుక్కలు కనిపిస్తాయి. బావురుపిల్లి ఈ అడవిలో ఉన్నా రాత్రి జంతువు, బోటులోంచి చూస్తామనుకోకండి. కార్తీకమాసం ఆదివారాలు, సంక్రాంతి సెలవులు వద్దు. వనభోజనాల జనంతో బాట నిండిపోతుంది.

హోప్ ఐలాండ్ వేరే ప్రయాణం, కాకినాడ నుంచి బోటు. అనుమతుల సంగతి అటవీశాఖతో ముందే తేల్చుకోండి. ఇసుక మీద అల వెంట పరిగెత్తే శాండర్లింగులు, పైన సముద్రపు గద్ద కావాలంటేనే వెళ్ళాలి. జనవరి–మార్చి తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, దిబ్బని వాటికి వదిలేయడం మంచిది.

చాలామంది కారు ఆపకుండా దాటేసే తావు రోడ్డు పక్క చెరువులు. పోటులో మేట మునిగాక ఉల్లంకి పిట్టల్లో చాలా భాగం చేరేది ఇక్కడికే. నిండా నీళ్ళున్న చెరువులో ఏమీ ఉండవు, పిట్టలు రాకుండా పైన దారాలు కట్టి ఉంటాయి కూడా. పంట తీసి నీరు వదిలేసిన చెరువు కోసం చూడండి. అడుగున చీలమండ లోతు నీరు, తడి బురద ఉంటే నల్లరెక్కల స్టిల్ట్‌లు, మార్ష్ శాండ్‌పైపర్లు, కంకణాలు (ఐబిస్‌లు), నత్తగుల్ల కొంగలు ముప్పై అడుగుల్లో దొరుకుతాయి. గట్టు సొంత ఆస్తి, కాపలా అతన్ని అడిగే ఎక్కాలి. చాలాచోట్ల బండి దిగకపోవడమే మేలు, కారు అద్దం మీద సంచిలో పోసిన బియ్యమో ఇసుకో పెట్టి లెన్సు ఆనిస్తే వణుకు ఉండదు, పిట్టా లేవదు. కాలికి రంగు ముక్క తగిలించిన పిట్ట కనిపిస్తే ఫొటోతో పాటు ఏ కాలు, ఏ రంగు పైన ఏ రంగు కింద, అక్షరాలుంటే అవేమిటి, అన్నీ అక్కడే రాసుకోండి. ఆ రంగుల జోడీని బట్టే దాన్ని ఏ దేశంలో పట్టి వదిలారో తెలుస్తుంది. ఎడమ, కుడి మాత్రం పిట్ట వైపు నుంచి లెక్కపెట్టాలి, మన వైపు నుంచి కాదు.